ట్రే ముందు చీటీ పెట్టు, బిడ్డా

"నాన్‌వెజ్ స్లైడర్స్ అని రాస్తే చాలదా పెద్దమ్మా?" అని నిన్న ఫోన్లో అడిగావు. చాలదు బిడ్డా. నువ్వు పెట్టబోయేది పావ్‌లో కూరిన పెద్దకూర కీమా. శనివారం నీ ఇంటికి వచ్చే పన్నెండు మందిలో చికెన్, మటన్ తిన్నా పెద్దకూర, అంటే బీఫ్, ముట్టనివాళ్లు తప్పకుండా ఉంటారు. వాళ్లు మటన్ కీమా అనుకుని రెండు తిన్నాక సంగతి తెలిస్తే, ఆ మనసు కష్టాన్ని నువ్వు ఏం చేసినా తీర్చలేవు. తెలియకుండా ఒకరి నోటికి వాళ్లు వద్దనుకున్నది అందించడం ఏ దావత్‌లోనూ మర్యాద కాదు. అలాగని భయపడి వంటే మార్చుకోమని కూడా నేననను. మన ఇంట్లో తరతరాలుగా తిన్న కూర ఇది. ఏం వండావో చెప్పి పెట్టు, వేడివేడిగా పెట్టు. నీకు నేను చెప్పదలచుకున్నది ఇదే. మిగతాదంతా ఎలా చెయ్యాలన్నదే.

నేను హాస్టల్లో ఉండి చదువుకునే రోజుల్లో మా అమ్మ పెద్దకూర ఎండు తునకలు నిప్పుల మీద కాల్చి, దంచి, డబ్బాలో పెట్టి పంపేది. మూత తీస్తే వాసన బయటపడుతుందని గుడ్డ చుట్టి ట్రంకు పెట్టె అడుగున దాచేదాన్ని. అందరూ నిద్రపోయాక తినేదాన్ని. అంత రుచిగల కూరను చీకట్లో తినాల్సి వచ్చిందన్న బాధ ఇప్పటికీ నాలో ఉంది. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా యూనివర్సిటీలో విద్యార్థులు బీఫ్ ఫెస్టివల్ చేసుకుంటే ఘర్షణ జరిగింది. ఆ రాత్రి టీవీ చూస్తూ నేను ఆ డబ్బానే తలచుకున్నాను. నువ్వు నీ సంపాదనతో, నీ ఇంట్లో, నీ స్నేహితులను పిలిచి పెడుతున్నావు. చీటీ మీద "బీఫ్, గేదె మాంసం" అని పెద్ద అక్షరాలతో రాయి. రాసినందుకు ఎవరికీ సంజాయిషీ చెప్పొద్దు. తిననివాళ్లను "ఒక్కటి రుచి చూడు" అని బలవంతం కూడా చెయ్యొద్దు. అద్దె ఇల్లు కదా, ఓనరుతో ఏదైనా మాట అనుకుని ఉంటే మాత్రం ముందే గుర్తు చేసుకో.

నువ్వుండే హైటెక్ సిటీ వైపు ఈ వంటకం బయట అంత సులువుగా దొరకదు. మెక్‌డొనాల్డ్స్ 1996లో మన దేశానికి వచ్చినప్పుడే తన బర్గర్‌లో బీఫ్ మానేసి వచ్చింది. రాయదుర్గం దగ్గరి ఐకియా 2018 ఆగస్టు 9న తెరిచినప్పుడు, చాలా దేశాల్లో బీఫ్‌తో, పోర్క్‌తో చేసే తన మీట్‌బాల్స్‌ను ఇక్కడ చికెన్‌తోనూ కూరగాయలతోనూ పెట్టింది. వాళ్ల వ్యాపారం వాళ్లది. కానీ అక్కడి నుంచి షేక్‌పేట ఫ్లైఓవర్ దాటి టోలిచౌకిలో దిగితే లోకమే వేరు. మధ్యాహ్నం పూట పెద్దకూరతో చేసే కల్యాణి బిర్యానీ హోటళ్ల ముందు ఆటోవాళ్లు, మేస్త్రీలు, మెడలో కంపెనీ కార్డు వేసుకున్న పిల్లలు ఒకే బల్ల మీద కూర్చుంటారు. బీదర్ వైపు నుంచి వచ్చిన కల్యాణి నవాబుల దేవిడీలో పుట్టిన వంట అది. ఈనాడు తక్కువ డబ్బుతో కడుపు నింపేదీ అదే. హైదరాబాద్‌కు పెద్దకూర కొత్త కాదు. ఓవెన్‌లో పావ్‌తో కలిపి కాల్చడం ఒక్కటే కొత్త. అది కూడా పూర్తిగా కొత్తేమీ కాదులే, పాతబస్తీ పెళ్లిళ్లలో కీమా కూరిన చదరపు లుఖ్మీలు ఎన్ని తిన్నామో.

మాంసం సంగతికి వస్తాను. మన రాష్ట్రంలో 1977 నాటి చట్టం ప్రకారం ఆవును, దూడను కోయకూడదు. గేదెను కొయ్యాలన్నా అధికారి ధ్రువీకరణ ఉండాలి. టోలిచౌకిలోనో మెహదీపట్నంలోనో లైసెన్సు ఉన్న ఖురేషీల దుకాణంలోనే కొను. అక్కడ కొంటే హలాల్ కూడా అవుతుంది కాబట్టి నీ ముస్లిం స్నేహితులు నిశ్చింతగా తింటారు. ఇరవై నాలుగు పావ్‌లకు కిలోన్నర కీమా పడుతుంది. ఒక్కో దానికి అరవై గ్రాములన్నమాట, ఉడికాక నాలుగో వంతు తగ్గుతుంది. ముందే కొట్టి ఉంచిన కీమా తీసుకోకు. భుజం ముక్క చూపించమను, కడిగించి, తడి తుడిపించి, నీ కళ్ల ముందు మెషీన్‌లో ఒక్కసారే, కాస్త బరకగా వేయించు. ఇంటికొచ్చాక కీమాను నీళ్లలో కడిగితే రుచంతా సింకులోకే పోతుంది.

ఇంకో మాట. గేదె మాంసంలో కండ ఎక్కువ, కొవ్వు తక్కువ. ఒట్టి కండతో చేస్తే ఓవెన్‌లోంచి వచ్చేసరికి పొట్టులా పొడిపొడిగా అయిపోతుంది. "చర్బీ కూడా వెయ్యి భాయ్" అని అడిగి నూట యాభై గ్రాములు కలిపించు. డైటింగ్ అంటూ దీన్ని మానకు. వారమంతా మానుకో, దావత్ రోజు వద్దు.

శుక్రవారం రాత్రే కీమా వండి పెట్టుకో. తొక్కతో నూరిన పచ్చి బొప్పాయి ముద్ద రెండు టీస్పూన్లు, అల్లంవెల్లుల్లి, పసుపు, ఉప్పు పట్టించి అరగంట ఉంచు. బొప్పాయి అంతకంటే ఎక్కువైతే, ఎక్కువసేపు ఉంటే మాంసం జావగా అవుతుంది. వెడల్పాటి కడాయి బాగా వేడెక్కాక కీమాను రెండు విడతలుగా వేయించు. అంతా ఒకేసారి గుమ్మరిస్తే నీళ్లు ఊరి ఉడుకుతుందే తప్ప వేగదు. ఆ ఎర్రగా మాడీమాడని రంగులోనే రుచంతా ఉంటుంది. ఉల్లిపాయలు, కారం, ధనియాల పొడి, మిరియాలు, రెండు టమాటాలు వేసి, అర గ్లాసు నీళ్లు పోసి మూత పెట్టి మెత్తబడేదాకా ఉడికించు. నములుతుంటే ఇంకా గట్టిగా ఉంటే మొహమాటపడకుండా కుక్కర్‌లో నాలుగు కూతలు రానివ్వు. ఆ తర్వాత మూత తీసి నూనె తేలేదాకా ఇగర్చు. గరిటెతో కడాయి అడుగున గీత గీస్తే ఆ గీతలోకి నీరు చేరకూడదు. నీరు చేరిందంటే రేపు నీ పావ్ అడుగు తడిసి చేతిలోనే విరిగిపోతుంది. చివర గరం మసాలా, నిమ్మరసం. వెడల్పు పళ్లాల్లో పల్చగా పరిచి చల్లార్చి, రెండు గంటలలోపు ఫ్రిజ్‌లో పెట్టు. గిన్నె నిండా వేసి స్టవ్ మీదే వదిలేసి పడుకోకు.

పావ్‌లను మీ కొండాపూర్ బేకరీలో "విడదీయకుండా, పలకలాగే ఇవ్వు" అని అడుగు. స్లైడర్ అందమంతా ఆ పలకలోనే ఉంది. పొద్దున కొన్నవి సాయంత్రానికి కాస్త బిగిసి, రంపం లాంటి పళ్లున్న కత్తితో అడ్డంగా కోస్తే నలగవు. పైభాగం మొత్తం ఒకే మూతలా లేవాలి. కోసిన ముఖాలకు వెన్న రాసి నాలుగు నిమిషాలు ఓవెన్‌లో కాల్చు, ఆ పెచ్చు కీమా తడిని ఆపుతుంది.

పేర్చే పని అతిథులు రావడానికి గంట ముందు పెట్టుకో, రాత్రే పేర్చేస్తే పావ్ నానిపోతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన కీమాను అలాగే వెయ్యకు. కడాయిలో పొగలు వచ్చేదాకా మళ్లీ వేడి చెయ్యి. లేకపోతే ఓవెన్‌లో ఉండే ఇరవై నిమిషాల్లో పావ్ వేడెక్కుతుంది, చీజ్ కరుగుతుంది, కానీ నడిమి కీమా చల్లగానే మిగులుతుంది. నీ దగ్గర వంటగది థర్మామీటరు ఉంటే పెట్టి చూడు, కీమా 75 డిగ్రీలు దాటాలి. కింద చీజ్ పలకలు, దాని మీద కీమా, పల్చటి ఉల్లి చక్రాలు, నీళ్లు లేకుండా నూరిన పుదీనా పచ్చడి కొంచెం, మళ్లీ చీజ్, పైమూత. చీజ్ రెండు వైపులా ఉంటేనే కీమా రాలకుండా పట్టుకుంటుంది. కరిగించిన వెన్నలో సన్నగా తరిగిన వెల్లుల్లి, చిటికెడు ఆవపిండి కలిపి పైన రాసి నువ్వులు చల్లు. కొత్తిమీర ఇప్పుడే వెయ్యకు, నల్లబడుతుంది. బయటికి తీశాక చల్లుకోవచ్చు.

నీ ఓటీజీని మిక్సీ పెట్టే చిన్న సాకెట్‌కు తగిలించకు. ఆ 6 యాంపియర్ల సాకెట్ దాదాపు 1,400 వాట్ల వరకే మోస్తుంది. ఓవెన్ అంతకంటే ఎక్కువ లాగుతుంది. 16 యాంపియర్ల ప్లగ్గు ఎక్కడుందో ఇప్పుడే చూసి పెట్టుకో. మైక్రోవేవ్‌లో చెయ్యాలనుకుంటే కన్వెక్షన్ పద్ధతిలోనే, లేకపోతే ఇనప ట్రే, ఫాయిల్ రెండూ నిప్పురవ్వలు రాలుస్తాయి. పది నిమిషాలు ముందే 180 డిగ్రీలకు వేడెక్కనిచ్చి, పైన తగలకుండా ఫాయిల్ కప్పి పదిహేను నిమిషాలు, ఫాయిల్ తీసి ఇంకో ఐదు. పైన బంగారు రంగు తిరిగి, అంచుల్లో చీజ్ బుడగలు వస్తే అయినట్టే.

మొత్తం ఒకేసారి కాల్చకు. నీ ఓవెన్‌లో ఒక విడతకు పన్నెండే పడతాయి, అదీ మంచిదే. శనివారమైనా నీ వాళ్లందరూ ఏడున్నరకే ఎక్కడొస్తారు? ఒకరు మెట్రోలో రాయదుర్గం వచ్చి ఆటో వెతుక్కోవాలి. ఇంకొకరు బయోడైవర్సిటీ జంక్షన్‌లో ఇరుక్కుపోతారు. బీఫ్ మొదటి ట్రే నలుగురైదుగురు చేరాక పెట్టు, రెండోది అప్పటికప్పుడు పేర్చి తొమ్మిదింటికి పెట్టు. దీనికొక కారణం ఉంది. గేదె కొవ్వు కోడి కొవ్వులాంటిది కాదు, కాస్త చల్లారగానే గడ్డకట్టి అంగుడికి మైనంలా అంటుకుంటుంది. వేడి మీద నోట్లో కరిగేదే చల్లారితే మింగుడుపడదు. చేసినవన్నీ టేబుల్ మీద పేర్చి "తినండి తినండి" అనే దావత్ నీకొద్దు. ఆలస్యంగా వచ్చినవాళ్లకూ ఓవెన్‌లోంచి తీసినదే అందాలి.

శాకాహారుల ట్రేను మాత్రం అన్నిటికంటే ముందు, శుభ్రంగా తుడిచిన ఓవెన్‌లో కాల్చు. పనీర్ బుర్జీ చెయ్యి, లేదా ఆలూ బఠానీ ఇగురు. దాని కత్తి వేరు, గరిటె వేరు. ముఖ్యంగా వెన్న రాసే బ్రష్ వేరు. అందరూ కత్తి సంగతి గుర్తు పెట్టుకుంటారు కానీ బ్రష్‌ను మరిచిపోతారు. వెన్న గిన్నెలో ఒకసారి మాంసం ట్రేకు తగిలిన బ్రష్ ముంచితే ఆ గిన్నె ఇక శాకాహారం కాదు. అది ఎవరికీ కనిపించదు కాబట్టే నువ్వు జాగ్రత్త పడాలి. వాళ్లు నిన్ను నమ్మి తింటారు. బేకరీలో పావ్ మీద గుడ్డు రాశారేమో అడుగు. జైనుల అమ్మాయి ఒకామె వస్తుందన్నావు, ఆమెకు ఉల్లి, వెల్లుల్లి, ఆలుగడ్డ ఏవీ లేకుండా పనీర్‌తో నాలుగు విడిగా చెయ్యి. ఆ పళ్లెం ఆమె చేతికే ఇవ్వు, "ఇది నీ కోసం చేశాను" అని చెప్పు. చికెన్ తినేవాళ్లకు ఇంకో చిన్న ట్రే పెడితే పెద్దకూర తిననివాళ్లెవరికీ పస్తున్నట్టు అనిపించదు. ప్రతి ట్రే ముందూ చీటీ ఉండాలి. చీజ్, మైదా, నువ్వులు ఉన్నాయని కూడా రాయి, పడనివాళ్లు ఉంటారు. బీఫ్ ట్రేను టేబుల్ మూలకు నెట్టకు, వేరే గదిలో పెట్టకు. అన్నిటితో పాటు అదే వరుసలో, కాస్త ఎడంగా ఉంటే చాలు.

ఎవరైనా చీటీ చూసి "అయ్యో, నేను తినను" అంటే నవ్వి పనీర్ ట్రే చూపించు. ఎవరైనా ఎగతాళిగా ఒక మాట అన్నారనుకో, దావత్ మధ్యలో వాదనకు దిగకు. ఇంటికి వచ్చినవాళ్ల ముందు గొంతు లేవకూడదని మీ అమ్మ నీకు నేర్పే ఉంటుంది. ఆ మాట మనసులో ఉంటే తర్వాత, ఇద్దరే ఉన్నప్పుడు చెప్పు. చాలామంది తెలియక అంటారు, చెబితే వింటారు.

మిగిలిన పావ్‌లు రెండు గంటలకంటే ఎక్కువసేపు బయట ఉంటే ఎవరికీ కట్టి ఇవ్వకు. కీమా మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టు, ఆదివారం పొద్దున కోడిగుడ్డు కొట్టి దోసె మీద వేసుకోవచ్చు. మీ గేటు దగ్గర రాత్రంతా కూర్చునే సెక్యూరిటీ అన్నకు, కింద లిఫ్ట్ దగ్గర తుడిచే అమ్మకు రెండో ట్రేలోంచి ముందే తీసి ఉంచు, మిగిలాయని చివర్లో ఇచ్చేలా కాదు. ఏం తింటారో సాయంత్రమే కిందికి వెళ్లి అడిగిరా. బీఫ్ అంటే బీఫ్, పనీర్ అంటే పనీర్, ఎవరిది వాళ్లకు వేడిగా పంపించు.