పెంపుడు గొల్లభామ, పెంచిన కీచురాళ్లు

గొల్లభామను గాజుపెట్టెలో పెంచేవారికి అసలు పని దానితో ఉండదు, దాని తిండితో ఉంటుంది. పిల్లగా ఉన్నప్పుడు పండు ఈగలు, పెద్దయ్యాక కీచురాళ్లో బొద్దింకలో కావాలి. బయట పట్టిన పురుగులకు పొలం మందు అంటి ఉంటుందేమోనని చాలామంది మేతను కూడా ఇంట్లోనే పెంచుతారు. మగ్గిన అరటిపండు, కాస్త ఈస్టు వేసిన సీసాలో రెండు వారాలు తిరక్కుండానే కొత్త తరం ఈగలు తయారవుతాయి. పారిపోకుండా, ఎగరలేని రకాన్నే ఎంచుకుంటారు. ఒక ప్రాణిని ముద్దుగా సాకడానికి ఇన్ని ప్రాణులను చావుకోసమే పుట్టించడం పాపమా? గొల్లభామ తినడంలో పాపం వెతకడం దండగ. ఆకలి దానిది. ఏర్పాటు మాత్రం మనది. కాబట్టి ఆ సీసాలో పుట్టే ఈగ చావుకే కాదు, బతుకుకూ మనమే జవాబుదారీ.

ప్రకృతిలో జరిగేది ఇదేగా అంటారు. చెట్టు మీది గొల్లభామకు ఆ మాట చెల్లుతుంది. అక్కడ ఈగకు రెక్కలున్నాయి, గొల్లభామకు పస్తులూ ఉన్నాయి. పెట్టెలో రెండూ లేకుండా చేసింది మనిషి. జైనులు ఈ తేడాను ఏనాడో పట్టుకున్నారు. నాగలి కింద పురుగు నలగడం ఆరంభ హింస, తలచి చంపడం సంకల్ప హింస. గృహస్థుకు మొదటిది తప్పనిది, రెండోది కూడనిది. శ్రావకులు, అంటే జైన గృహస్థులు, విడిచిపెట్టాల్సిన 15 వృత్తుల జాబితాలో హింసించే జంతువులను పెంచడమూ ఉంది. ఈగను వారు నాలుగు ఇంద్రియాల జీవిగా లెక్కిస్తారు. ఇదంతా ఛాదస్తమని నవ్వేవారు, 2022లో లండన్ క్వీన్ మేరీ విశ్వవిద్యాలయ పరిశోధకులు మరికొందరితో కలిసి వెలువరించిన సమీక్షను చూడాలి. ఎదిగిన ఈగలకూ బొద్దింకలకూ నొప్పి తెలుస్తుందనడానికి బలమైన ఆధారాలున్నాయని అందులో తేల్చారు. రుజువైపోయిందని కాదు, కొట్టిపారేయడానికి వీల్లేదని. గొల్లభామేమో పట్టినదాన్ని ముందు చంపి తినే రకం కాదు. ముంగాళ్ల ముళ్ల మధ్య బిగించి, అందిన చోటి నుంచి నమలడం మొదలుపెడుతుంది. దొరికిన పురుగు కాళ్లు ఇంకా కొట్టుకుంటూనే ఉంటాయి.

ప్రకృతి పేరు చెప్పే వాదం కంటే గట్టి అభ్యంతరం భారతంలో ఉంది. మిథిలలో మాంసం అమ్మే ధర్మవ్యాధుడు కౌశికుడనే బ్రాహ్మణుడితో, దుక్కి దున్నినా ప్రాణులు చస్తాయని, హింస అంటని బతుకే లేదని అంటాడు. అలాంటప్పుడు నాలుగు కీచురాళ్ల గురించి ఇంత చర్చా? కానీ ఆ మాటను అతను తప్పించుకోవడానికి వాడుకోలేదు. తన పని ఘోరమైనదేనని ఒప్పుకున్నాడు, తాను చంపలేదు, మాంసం తినలేదు. పైగా అది అతని కులవృత్తి, కూడు పెట్టే పని. గొల్లభామను సాకడం వినోదం. వినోదానికి ధర్మవ్యాధుణ్ణి సాక్ష్యం పిలవడం నాకు సబబుగా తోచదు. మనం పెంచకపోతే ఆ ఈగలు పుట్టేవే కావు కదా అన్నది మరో వాదం. పుట్టించినవాడికి హక్కు పెరుగుతుందనుకుంటే, కన్నవాళ్లు పిల్లలను ఏం చేసినా అడగకూడదు.

అందుకే మేత పురుగులను ఎలా చూస్తున్నామన్నదే అసలు పరీక్ష. కీచురాళ్లకు క్యారెట్, ఆకుకూర పెట్టమని పెంపకందారులు చెబుతారు, గొల్లభామకు బలమని. తినకుండా వదిలేసిన కీచురాయిని పెట్టెలోంచి తీసేయమంటారు, కుబుసం విడిచి మెత్తబడ్డ గొల్లభామను అది కొరుకుతుందని. రెండూ మంచి సలహాలే. కాకపోతే వాటిలో కీచురాయి ఆకలి ఎక్కడా లెక్కలోకి రాదు. బతికున్నదే కావాలన్న నియమమూ పూర్తిగా నిజం కాదు. గొల్లభామను ముఖ్యంగా రెచ్చగొట్టేది కదలిక. అప్పుడే ఫ్రీజర్‌లో చంపిన కీచురాయిని చిన్న పట్టకారుతో ఎదుట ఆడిస్తే చాలాసార్లు అందుకుంటుంది. అందుకుంటున్నా బతికున్నదాన్నే వదిలేవారిని, ఆ వేట కావలసింది గొల్లభామకా, చూసేవారికా అని అడగాలి. పండు ఈగల దగ్గర ఈ పద్ధతి సాగదు, అవి మరీ చిన్నవి. అక్కడ చేతిలో ఉన్నది ఒక్కటే: ఎన్ని గొల్లభామ పిల్లలున్నాయో చూసుకుని, అవసరానికి మించి ఒక్క సీసా కూడా పెట్టకపోవడం.