పుట్టని బిడ్డకు బాకీ

మొండి మొటిమలకు వాడే ఐసోట్రెటినాయిన్ అమెరికాలో 1982లో అమ్మకానికి వచ్చింది. గర్భిణి వాడితే శిశువు చెవులు, గుండె, మెదడు దెబ్బతింటాయని మరుసటి ఏడాదికే తేలింది. హెచ్చరికలు చాలక 2006 మార్చిలో ‘ఐప్లెడ్జ్’ అనే కట్టుబాటు తెచ్చారు. గర్భం దాల్చే వీలున్న స్త్రీ నెలనెలా గర్భపరీక్ష చేయించుకోవాలి. ఒకేసారి రెండు గర్భనిరోధక పద్ధతులు పాటిస్తాననో, మగవారికి పూర్తిగా దూరంగా ఉంటాననో మాటివ్వాలి. అప్పుడే మందు. ఇదంతా బిడ్డను కాపాడడానికేనంటారు. ఏ బిడ్డను? గర్భిణికి మందు చేరకుండా ఆపితే కడుపులో ఉన్న ఆ బిడ్డే ఆరోగ్యంగా పుట్టగలదు. గర్భమే రాకుండా ఆపితే ఆ బిడ్డంటూ ఉండదు. రెండూ ఒకటే అన్నట్టు మాట్లాడడం మనకు అలవాటైపోయింది.

ఈ తేడాను పట్టుకుని తత్వవేత్త డెరెక్ పార్ఫిట్ 1984లో ‘రీజన్స్ అండ్ పర్సన్స్’ పుస్తకంలో పెద్ద చర్చే నడిపాడు. బిడ్డకు హాని తప్పించడానికి రెండు నెలలు ఆగి గర్భం దాల్చితే పుట్టేది ఆ బిడ్డ కాదు, వేరొకరు. అయినా ఆగడమే మంచిదని మనకు తోస్తుంది. అంటే ఫలానా మనిషికి అని చెప్పలేని బాధ్యతలు కూడా ఉంటాయన్నమాట. ఇది మనవాళ్లకు కొత్తేమీ కాదు. పితృఋణం పోయినవారి దగ్గర తీసుకుని రాబోయేవారికి తీర్చే అప్పు; పుచ్చుకునేవారి పేరు ఎవరికీ తెలియదు. ఎవరి కర్మ వాళ్లదని తప్పుకుందామంటారా? మాత్ర మింగింది బిడ్డ కాదు. సరే, బాకీ ఉంది. తీర్చాల్సింది ఎవరు? ఆ మందును తయారుచేసి, అనుమతించి, రాసి, అమ్మి, వాడుకున్న సమాజమంతా తీర్చాలనేది నా వాదన. ఐప్లెడ్జ్ మాత్రం దాదాపు మొత్తం భారాన్ని ఒక్క గర్భాశయం మీదే మోపింది.

ఇంకోచోట కాపలా పెట్టడం సాధ్యమేనని చరిత్రే చెబుతోంది. 1960లో థాలిడోమైడ్ అనే నిద్రమందుకు అనుమతి కోరే దరఖాస్తు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏలో అధికారి ఫ్రాన్సెస్ కెల్సీ బల్లమీదికి వచ్చింది. ఆధారాలు చాలవని ఆమె కంపెనీని తిప్పి పంపుతూనే ఉంది. ఐరోపాలో వేలమంది పిల్లలు కాళ్లూ చేతులూ సరిగా లేకుండా పుట్టాక, 1962లో దరఖాస్తునే వెనక్కి తీసుకున్నారు. ఆ కాపలా లేనిచోట ఏమవుతుందో డీఈఎస్ చూపించింది. గర్భస్రావం కాకుండా ఇచ్చిన ఆ హార్మోను మాత్ర వల్ల ఫలితమేమీ లేదని 1953లోనే షికాగో పరీక్ష తేల్చింది. అయినా 1971 దాకా రాస్తూనే పోయారు. ఆ ఏడాది, కడుపులో ఉండగా ఆ మందు సోకిన ఆడపిల్లల్లో అరుదైన క్యాన్సర్ బయటపడింది. ఆ తల్లులను గర్భనిరోధం పాటించమని ఎవరు చెప్పగలరు? కడుపు నిలవాలనే కదా వాళ్లు ఆ మాత్ర మింగింది!

నియమం తీసేస్తే మందే నిషేధమవుతుంది, రోగులు నష్టపోతారని అంటారు. న్యాయమైన అభ్యంతరమే. కుష్ఠు రోగులకు వచ్చే బాధాకరమైన చర్మపు వాపులకు 1998లో థాలిడోమైడ్ తిరిగి వచ్చిందంటే ఇలాంటి షరతుల వల్లే. మగవారి వీర్యంలోకీ ఆ మందు చేరుతుంది గనుక వాళ్లనూ కండోమ్ వాడమన్నారు. షరతులు ఉండాలనే నేనూ అంటాను. అయితే వాటికయ్యే ఖర్చు ఎవరిది? ఐప్లెడ్జ్ ఒప్పుకునే నమ్మకమైన పద్ధతుల్లో లూప్ ఒకటి. ఉద్యోగుల బీమాలో లూప్‌లకు డబ్బు కట్టడం తన మతవిశ్వాసానికి విరుద్ధమని హాబీ లాబీ కంపెనీ వాదిస్తే, 2014లో అమెరికా సుప్రీంకోర్టు 5-4 తేడాతో సరేనంది. 2020లో అలాంటి మినహాయింపులను ఇంకా విస్తరించిన ప్రభుత్వ నిబంధనలనూ సమర్థించింది. యజమాని విశ్వాసాన్ని నేను వెక్కిరించను. గర్భనిరోధం పాపమని నిజంగా నమ్మేవారున్నారు. కానీ ఒప్పుకోనంటే యజమానికి పోయేదేమీ లేదు. ఆమె ఒప్పుకోకపోతే మందు రాదు. ఒప్పుకుంటే లూప్ ఖర్చు ఆమె నెత్తిన పడవచ్చు. ఇంత కట్టుదిట్టం చేసినా ఐప్లెడ్జ్ మొదలైన తొలి ఏడాదే నూటికి పైగా గర్భాలు నమోదయ్యాయి.