చదువు బాకీ

క్రిందటి సంక్రాంతి భోజనాల దగ్గర మన సంఘ సభ్యులొకరు, "పిల్లవాడి కాలేజీకి డబ్బెట్లా?" అని మొదలుపెట్టారు. పాయసం వచ్చేదాకా అదే చర్చ. ఫాఫ్సా ఫారం, 529 ఖాతా, బ్యాంకు అప్పు అన్నీ అయ్యాయి. పెల్ గ్రాంటు 2025-26 కి ఎక్కువలో ఎక్కువ 7,395 డాలర్లు. అదీ రాబడి తక్కువ ఉన్న ఇళ్ళకే గనుక మనలో చాలామందికి అందదు. "మీరు అదృష్టవంతులండీ డాక్టరుగారూ, అప్పు లేకుండా చదివారు" అన్నారొకరు. అప్పటికి నవ్వి ఊరుకున్నాను. ఇంటికి వచ్చాక లెక్క వేయడం మొదలుపెట్టాను.

నాతో రెసిడెన్సీ చేసిన అమెరికన్ మిత్రుడికి 2,60,000 డాలర్ల అప్పుంది. అప్పు చేసి వైద్యం చదివినవారికి ఈ దేశంలో అది వింత కాదు. 2007 నాటి చట్టం ప్రకారం ప్రభుత్వ సంస్థలోగాని, లాభాపేక్ష లేని ఆసుపత్రిలోగాని పనిచేస్తూ 120 వాయిదాలు కడితే మిగిలిన ఫెడరల్ అప్పు రద్దవుతుంది. అతడు ఫ్రిజ్ తలుపు మీద 120 గళ్ళ కాగితం అంటించి నెలకొకటి కొట్టేస్తున్నాడు. ఆఖరి గడి కొట్టేసిన నాడు ఎవరికీ బాకీ ఉండడు.

నాకు అటువంటి కాగితం లేదు. సర్కారు కళాశాలలో నా ఫీజు ఏడాదికి పదివేల రూపాయల ప్రాంతం. హాస్టలూ పుస్తకాలూ మా మేనమామ భరించాడు. అందుకోసం అరెకరం అమ్మాడని నాకు మూడో ఏడుగాని తెలియలేదు. అయితే అసలు ఖర్చు ఇదీ కాదు. మొదటి ఏడు అనాటమీ బల్ల మీద మేము కోసి నేర్చుకున్న దేహం, తీసుకుపోవడానికి ఎవరూ రాని ఒక మనిషిది. అతడి ఇష్టం ఎవరూ అడగలేదు. ప్రసూతి వార్డులో నేను మొదటిసారి కుట్లు వేసిన తల్లి కూలిపనికి వెళ్ళే మనిషి. నా చెయ్యి వణకడం చూసి, "మెల్లగా కానీ నాయనా" అని నాకే ధైర్యం చెప్పింది. చెయ్యి తిరిగినవారి చేత కుట్టించుకునే హక్కు ఆమెకు లేదా? డబ్బున్నవారు ఆ వార్డుకు రారు. నా ఫీజులో తగ్గినదాన్ని పన్ను కట్టినవారు డబ్బుతోనూ, వీళ్ళు ఒంటితోనూ భరించారు. అలా నేర్చిన చేతులతో నేను విమానం ఎక్కాను.

"ఇక్కడి రోగి మాత్రం మనిషి కాదా?" అంటారు మిత్రులు. నిజమే. పైగా మా రెసిడెన్సీ జీతాలలో మెడికేర్ సొమ్ముంది. అంటే బాకీ రెండుచోట్ల ఉందన్నమాట. ఒకచోట తీరుస్తున్నాను.

మన పెద్దలలో వారాలు చేసుకుని చదివినవారున్నారు. సోమవారం ఒకరింట అన్నం, మంగళవారం మరొకరింట. ఉద్యోగం వచ్చాక వెళ్ళి ఆ అన్నం ఖరీదు ఇవ్వబోతే ఆ ఇల్లాలు ఎంత నొచ్చుకునేదో! అందుకని వాళ్ళు తమ ఇంట మరో కుర్రవాడికి వారం ఇచ్చేవారు. బాగుంది. కాని ఆ వారాలు కులం చూసి ఇచ్చినవే. గుమ్మం దాకా కూడా రాలేకపోయిన కుర్రవాళ్ళ లెక్క ఎవరి దగ్గరా లేదు. ఆ లోటు కొంతైనా పూడ్చినవి తరువాత వచ్చిన సర్కారు హాస్టళ్ళూ స్కాలర్‌షిప్పులే.

నేనూ వారం ఇచ్చి ఋణం తీర్చుకుందామనుకున్నాను. మా మేనమామ కొడుకు కూతురు బి.ఎస్సీ. నర్సింగులో చేరుతున్నది. ప్రభుత్వం ఇచ్చేది పోను నాలుగేళ్ళకు మూడున్నర లక్షలు కావాలి. బ్యాంకులో 4 లక్షల లోపు విద్యారుణానికి తాకట్టు అక్కరలేదు, వడ్డీ మాత్రం తప్పదు. నేను ఫోను చేసి మొత్తం పంపుతానన్నాను.

"ప్రోనోటు వ్రాయించుకోండి మామయ్యా, ఉద్యోగం రాగానే తీరుస్తాను" అన్నది.

నాకు కోపం వచ్చింది. "మీ తాత నా దగ్గర నోటు వ్రాయించుకున్నాడా?" అన్నాను.

"వ్రాయించుకుని ఉంటే ఎప్పుడో తీర్చేసేవారు. మా ఇంటికి వచ్చినప్పుడల్లా అలా తల వంచుకుని కూర్చునేవారు కాదు."

పద్ధెనిమిదేళ్ళ పిల్ల! నా దగ్గర జవాబు లేదు. ఉచితంగా ఇస్తాననడంలో నా ఔదార్యం ఎంతో, నా బరువు ఆమె నెత్తికెత్తే తొందర ఎంతో ఇప్పటికీ తేల్చుకోలేకుండా ఉన్నాను. ఆ వార్డులో తల్లికి మాత్రం ఏ నోటూ వ్రాసి ఇవ్వలేను.

వడ్డీ లేకుండా, "వీలైనప్పుడు" తీర్చేటట్టు ముసాయిదా వ్రాసి పంపాను. ఆమె ఆ మాట కొట్టేసి, నెలకింతని అంకె వేసి, సంతకం చేసి పంపింది. కాగితం నా బల్ల సొరుగులో ఉంది. మా మేనమామకు ఇంకా చెప్పలేదు.