పాత ఆకుల్ని పోనీ తల్లీ

తల్లీ, కొత్త అక్వేరియంలో పెట్టిన క్రిప్టోకొరైన్ మొక్కలు వారానికే కరిగిపోతున్నాయనీ, వాటిని పీకేసి వేరేవి తెచ్చుకుంటానంటున్నావనీ మీ నాన్న ఫోన్లో చెప్పాడు. పీకకు. డబ్బు పోతుందని కాదు. బతికున్న మొక్కని చచ్చిందనుకుని పారేస్తావేమోనని నా బాధ.

కొట్లో నిన్ను ఆకట్టుకున్న ఆ నిగనిగలాడే ఆకులు నీళ్లలో పెరిగినవి కాకపోవచ్చు. నర్సరీల్లో అక్వేరియం మొక్కల్ని చాలామటుకు వేళ్లు తడిలో, ఆకులు గాలిలో ఉండేట్టు పెంచుతారు. అలాగైతే త్వరగా ఎదుగుతాయి, నాచు పట్టదు. గాలిలో పుట్టిన ఆకు దళసరిగా ఉంటుంది, పైన మైనం పూత ఉంటుంది. గాలిలో ఎండిపోకుండా కాపాడే ఆ పూతే నీళ్లలో మునిగాక అడ్డమవుతుంది. పైగా కార్బన్ డయాక్సైడ్ గాలిలో కంటే నీళ్లలో సుమారు 10,000 రెట్లు మెల్లగా వ్యాపిస్తుంది. ఇంక ఆ ఆకు మొక్కకి తిండి పెట్టలేదు. అందుకే మొక్క దాన్ని వదిలేసి, దుంపలో దాచుకున్న బలంతో నీళ్లకి సరిపడే పల్చటి ఆకులు కొత్తగా వేసుకుంటుంది.

మన ఊళ్లో ఊడ్పులైన మడి చూశావుగా. నారు కొన్నాళ్లు రంగు మారి, వాలిపోయి ఉంటుంది. ఏ రైతూ దాన్ని పీకి మళ్లీ నాటడు. వేరు పట్టాక అదే తేరుకుని పచ్చబడుతుంది. నీ ట్యాంకులో జరుగుతున్నదీ అంతే.

క్రిప్టోకొరైన్‌కి ఈ గుణం మరీ ఎక్కువ. శ్రీలంక వాగుల్లో పుట్టిన వెండ్టై రకం గట్టిదని పేరు. అది కూడా చోటు మారినా, నీళ్లు ఒక్కసారిగా మారినా ఆకులన్నీ కరగబెట్టేస్తుంది. నువ్వు చూడాల్సింది ఆకుని కాదు, మొదలుని. చెయ్యి శుభ్రంగా కడుక్కుని, ఇసుక కొంచెం పక్కకి తోసి, వేళ్లు మొదలయ్యే చోట వేలితో మెల్లగా నొక్కు. గట్టిగా తగిలితే మొక్క బతికే ఉంది. పిసికితే జావలా అయిపోయి కంపు కొడితేనే తీసెయ్యి. గట్టిగా ఉంటే ఇసుక మళ్లీ సర్దేసి, ఇక దాని జోలికి వెళ్లకు. రెండు మూడు వారాల్లో నడిమధ్య నుంచి చుట్టుకుని ఉన్న సన్నటి మొలక పైకి వస్తుంది. అది పాత ఆకు కంటే సన్నగా, రంగు తేడాగా ఉంటుంది. కంగారు పడకు, నీళ్ల ఆకు అలాగే ఉంటుంది.

కరిగిన ఆకుల్ని మాత్రం ఉంచకు. కత్తెరతో మొదలు దగ్గర కత్తిరించి బయటికి తీసెయ్యి. అవి కుళ్లితే నీళ్లలో అమ్మోనియా చేరుతుంది, చేపలకి ప్రాణం మీదికి వస్తుంది.

నాటేటప్పుడు చిన్న ప్లాస్టిక్ కుండీ తీసేశావా? వేళ్ల చుట్టూ ఉండే ఉన్ని కూడా ఓపిగ్గా దువ్వి తీసెయ్యాలి. ఇంకా నాటనివి ఉంటే అలా చెయ్యి. అనూబియాస్, జావా ఫెర్న్ మాత్రం ఇసుకలో పాతకు. వాటి అడ్డకాండం మట్టిలో పూడిపోతే కుళ్లుతుంది. దారంతో రాయికో చెక్కకో కట్టు, వేళ్లు అవే పట్టుకుంటాయి.

అందరూ తొందరపడేది లైటు దగ్గర. మొక్క నీరసంగా ఉందని పన్నెండు గంటలు లైటు వేస్తారు. ఆకే లేని మొక్క ఆ వెలుతురుని ఏం చేసుకుంటుంది? నాచే తినేస్తుంది. మొదటి మూడు నాలుగు వారాలు రోజుకి 6 గంటలు చాలు. టైమర్ పెట్టుకో. కొత్త ఆకులు వరసగా వస్తుంటే మెల్లగా 8 గంటలకి పెంచు. అద్దం మీద గోధుమరంగు పొర కనిపిస్తే భయపడకు. కొత్త ట్యాంకుల్లో అది మామూలే, తుడిస్తే పోతుంది. ఎరువూ అంతే, కొత్త ఆకు వచ్చేదాకా ఆగు. క్రిప్టోకొరైన్ ఎక్కువగా వేళ్లతో తింటుంది కనక, తర్వాత ఇసుకలో వేరు దగ్గర ఎరువు బిళ్ల ఒకటి గుచ్చు. సిలిండర్ పెట్టి కార్బన్ డయాక్సైడ్ ఇమ్మని కొట్టువాడు చెప్పొచ్చు. నీ దగ్గరున్న మొక్కలకి అది అక్కర్లేదు.

నీళ్ల విషయంలో ఒక్కటే పట్టుదలగా ఉండు: ఒకేరకం నీళ్లు వాడు. ఒక వారం బోరు నీళ్లు, ఇంకో వారం ఆర్వో నీళ్లు పోస్తే మొక్క దేనికని అలవాటు పడుతుంది? వారానికి పావు వంతు మార్చు, ఆకులు కరిగే రోజుల్లో రెండుసార్లు మార్చు. కార్పొరేషన్ నీళ్లయితే క్లోరిన్ విరుగుడు మందు వేసి పొయ్యి. ఎండాకాలం వస్తే మూత తీసి నీటి మీదికి చిన్న ఫ్యాన్ తిప్పు. 24 నుంచి 28 డిగ్రీల మధ్య ఉంటే మొక్కలకి హాయి. గోల్డ్ ఫిష్ వద్దమ్మా, అవి లేత మొక్కల్ని కొరికేస్తాయి, పెకలిస్తాయి.

రోటాలా, బ్రహ్మి లాంటి కాడ మొక్కలకి దారి వేరు. బ్రహ్మి మన పొలాల గట్ల మీద చిత్తడి నేలలో పాకే మొక్కే, నీట మునిగినా పెరుగుతుంది. వీటికి కింది ఆకులు రాలిపోయి కాడ బోసిగా మిగులుతుంది, కొసన కొత్త ఆకులు వస్తాయి. ఆ కొస నాలుగైదు అంగుళాలయ్యాక కత్తిరించి, కింది రెండు మూడు కణుపుల ఆకులు గిల్లి, ఆ కణుపులు ఇసుకలోకి వెళ్లేట్టు నాటు. కణుపు దగ్గరే వేరు వస్తుంది. కాడకీ కాడకీ మధ్య వేలెడు ఎడం ఉంచు, కింది ఆకులకి వెలుతురు అందాలి. బోసికాడల్ని పీకి పారేస్తే నాకేం అభ్యంతరం లేదు.