అతుకు, ఏకత్వం: అవయవి వాదంపై ఒక విచారణ

కారు లోపలి ప్లాస్టిక్ ప్యానెల్‌ను కోరిన ఆకృతికి మార్చేటప్పుడు దాని నునుపైన ఉపరితలాన్ని గరుకు కాగితంతో రుద్ది, గాజునార చాపను పరచి, గట్టిపరిచే ద్రవ్యం కలిపిన రెజిన్‌తో తడిపి, అది బిగిసిన తరువాత అరగదీసి రంగు వేస్తారు. ఇలా తయారైనది పాత వస్తువేనా, కొత్తదా అన్న ప్రశ్న అవయవిని, అంటే భాగాలతో ఏర్పడిన పూర్ణవస్తువును గురించి భారతీయ దర్శనాలలో సాగిన ప్రాచీన వివాదానికి చెందుతుంది.

న్యాయ వైశేషికులు విడివిడిగా ఉండగల ద్రవ్యాల కలయికను సంయోగమనీ, రెండింటిలో ఒకటి తాను నశించేవరకూ రెండవదానిని ఆశ్రయించే ఉండే సంబంధాన్ని సమవాయమనీ విభజించారు. వారి దృష్టిలో ప్యానెల్‌కూ పొరకూ మధ్య ఉన్నది సంయోగమే. అయితే ఆ సంయోగం వల్ల రెండు భాగాలలోనూ సమవాయంతో నిలిచే కొత్త అవయవి పుడుతుంది. బౌద్ధ గ్రంథమైన 'మిలిందపన్హ'లో భిక్షువు నాగసేనుడు రథాన్ని గురించి చేసిన వాదం దీనికి భిన్నమైనది. భాగాలకు అతీతంగా రథమనే పదార్థం లేదనీ, అది వ్యవహారం కోసం పెట్టుకున్న పేరు మాత్రమేననీ దాని సారాంశం.

మార్పు తరువాత కూడా యజమాని దానిని అదే ప్యానెల్‌గా వ్యవహరించడాన్ని బౌద్ధవాదం తేలికగా వివరిస్తుంది. కానీ పాలీప్రొపిలీన్ వంటి ప్లాస్టిక్‌పై పాలియెస్టర్ రెజిన్ సరిగా పట్టక పొర ఊడిపోతుంది, తగిన ఉపరితలంపై గట్టిగా పట్టి రెండూ కలిసి ఒక్కటిగా బరువు మోస్తాయి. ఈ భేదం పేరును బట్టి కాక పదార్థ స్వభావాన్ని బట్టి కలుగుతున్నది కనుక, ఏకత్వాన్ని కేవలం వ్యవహారంగా తీసివేయడానికి వీలులేదన్న నైయాయికుల పట్టుదల సమంజసమే.