మెఱుగును మేలును

లోహమునకు మెఱుగు పెట్టుట మంచిపనియా, వ్యర్థాడంబరమా యను ప్రశ్న చూపున కల్పమైనను విచారింపదగినదే. పాతకారులను కొని, తీఱిక దినములందు వానిని స్వహస్తములతో బాగుచేసికొనువారు నేడు పలుదేశములందు గలరు. వారిలో ననేకులు కారు పైభాగమును తుడుచుటతో దృప్తినొందక, ఇంజను విప్పి, వాల్వులను గప్పియుండు అల్యూమినియపు కవరును, గాలి ప్రవేశించు గొట్టములను వసారాలోనికి దెచ్చికొని, అద్దమువలె మెఱయువఱకు రుద్దుచుందురు. అవి మరల బిగింపబడిన పిమ్మట వానిపై బండిమూత పడును. దారిన బోవువా డెవ్వడును వానిని చూడడు. కవరు మెఱసినంత మాత్రమున బండి వేగము వీసమంతయు హెచ్చదు. అట్లయిన నీ శ్రమ యెందులకు? ఇది వివేకవంతులు చేయదగిన పనియేనా?

బదులు చెప్పుటకు ముందు ఆ పని యెట్టిదో తెలిసికొనవలెను. పోతపోసిన లోహము గరుకుగా నుండును. మొదట దాని నూనెజిడ్డును కడుగుదురు. ఇందుకు కాస్టిక్ సోడా వంటి తీవ్రక్షారమును వాడరాదు; అది అల్యూమినియమును తినివేయును. పిమ్మట 220 నంబరు ఎమరీ కాగితముతో నారంభించి, 400, 800, 1200, 2000 నంబరుల కాగితములను వరుసగా నీటిలో తడిపి రుద్దుదురు. నంబరు పెరిగినకొలది కాగితము మెత్తనగును. ప్రతి కాగితమును తన ముందుదాని గీతలను చెఱిపి, తన సన్నగీతలను విడుచును. తొందరపడి నడుమ నొక మెట్టు దాటితిమా, తొలిగీత తుదివఱకు నిలిచి, మెఱుగు వచ్చినకొలది మఱింత స్పష్టముగా గనబడును. కడపట నూలుగుడ్డల చక్రముపై మెఱుగుముద్దను బట్టించి దానితో నునుపు చేయుదురు. ఒక్క కవరునకు ఒక పగలు చాలకపోవచ్చును.

ఇందొక విశేషము గలదు. రంగు లోహమును కప్పును. మెఱుగు పెట్టుట యన్ననో, ఉన్నదానిని తీసివేయుట. కప్పుటలో లోపము దాగును. తీసివేయుటలో లోపము బయటపడును. పోతలో చిన్నరంధ్ర మున్నచో మెఱుగు దానిని దాపదు, చూపును. కావున మెఱుగును కేవలము వంచనయని నిందించువారు, పూతను మనసులో నుంచికొని మెఱుగును దూషించుచున్నారని చెప్పవలెను. అంతేకాదు, శుభ్రమైన ఇంజనుపై నూనెచుక్క కారిన తోడనే కనబడును. జిడ్డు పేరుకొన్నదానిపై నెలల తరబడి కారినను తెలియదు.

అయితే మెఱయునదెల్ల మేలా? కాదు. పిస్టనును క్రాంకుషాఫ్టుతో గలుపు కనెక్టింగు రాడ్డునే చూడుడు. ఇంజను తిరుగునపుడు అది నిమిషమునకు వేలసారులు లాగబడి నొక్కబడుచుండును. దానిపై నున్న గీతయొద్దనే బీట పుట్టుట సంభవము. ఇంగ్లండులోని ఫార్న్‌బరో విమానశాలలో పనిచేసిన గ్రిఫిత్ అను శాస్త్రజ్ఞుడు 1920 ప్రాంతమున గాజును పరీక్షించి, సూక్ష్మమైన బీటలే వస్తువు బలమును హరించునని చూపెను. కావుననే పందెపు ఇంజనులలో ఆ రాడ్డులకు నునుపు పెట్టుదురు. అచట మెఱుగు బలము. సిలిండరు లోపలిగోడ సంగతి వేఱు. దానిపై మెకానికులు బుద్ధిపూర్వకముగా ఒండొంటిని ఖండించు సన్నగీతలు గీయుదురు. ఆ గీతలు నూనెను పట్టియుంచును. ఆ గోడ అద్దమైనచో నూనె నిలువదు, పిస్టను రింగులు కుదురుకొనవు, ఇంజను నూనె త్రాగి పొగ విడుచును. అచట మెఱుగు రోగము. ఇక వాల్వు కవరుపై మెఱుగు మేలును గాదు, కీడును గాదు. కేవలము యజమాని ప్రీతి. లోహ మొక్కటే, మెఱుగొక్కటే. స్థానభేదముచే ఫలము వేఱగుచున్నది. మనుష్యుల మర్యాదలును ఇట్టివియే కదా! కొన్నిచోట్ల నునుపుమాట బంధమును నిలుపును. గరుకుమాట చెప్పవలసినచోట నునుపుమాట కార్యమును చెఱుచును.

మఱి యెవరికిని గనబడని మెఱుగు వ్యర్థము కాదా యందురా? ఆ మెఱుగు శాశ్వతమును గాదు. గాలి సోకినతోడనే అల్యూమినియముపై వెండ్రుకకంటె వేలమడుగులు సన్నని పొర యేర్పడును. అది లోహమునకు కవచమే యైనను, తేమయు ఉప్పును వేడియు తగిలినకొలది కాంతి మాయును, మరల రుద్దవలెను. మరల చేయవలసిన పనియెల్ల వ్యర్థమన్నచో వంటయు వ్యర్థమే, స్నానమును వ్యర్థమే, ఇల్లూడ్చుటయు వ్యర్థమే. మనుష్యజీవనమును నిలుపు పనులలో సగమునకు మించి యిట్టివే. కావున క్షణికత్వము దోషము కాదు. విచారింపవలసినది, ఆ పని యెవరిచేత, ఎవరి మూల్యమున జరుగుచున్నది యనునదే.

ఇచట మన గృహముల వైపు చూపు మరల్పవలసియున్నది. తరతరములుగా మన స్త్రీలు ఇత్తడిబిందెలను చింతపండుతో తోముచుండిరి. చింతపండులోని టార్టారికామ్లము చిలుమును కరిగించునన్న రసాయనశాస్త్రము వారి చేతులకు తెలియును. ఇత్తడిపాత్ర లోపల కళాయి వేయించుటయు అందముకొఱకు గాదు. పులుసు రాగితో గలిసి విషము కాకుండుటకు. ఇంత తెలివియు ఇంత శ్రమయు నందుండగా, దానిని మెచ్చినవా రెందఱు? భర్త ఆదివారమునాడు కవరు రుద్దిన నది కళ. భార్య నిత్యము బిందె తోమిన నది విధి. ఇది లోహముల భేదమా, చేతుల భేదమా? ఒకటి కోరి చేసినది, రెండవది తప్పక చేసినది. కోరి చేయు స్వాతంత్ర్యమే ఆ పనికి గౌరవము దెచ్చుచున్నచో, ఆ స్వాతంత్ర్యమును ఇంటిలో నొకరికే యుంచుట న్యాయమా?

ఇంటిబయట మూల్యము మఱింత కఠినము. చైనాదేశపు కున్షాన్ నగరమున కారుచక్రములకు మెఱుగుపెట్టు కర్మశాలలో 2014 ఆగస్టు 2వ తేదీన అల్యూమినియపు ధూళి ప్రేలి, 146 మంది ప్రాణములు గోల్పోయిరి. క్రోమియపు పూత వేయు తొట్లనుండి వచ్చు ఒకజాతి క్రోమియపు ఆవిరి ఊపిరితిత్తులకు పుట్టకురుపు దెచ్చునది. వినోదమునకు రుద్దువాడు అలసిన లేచి కాఫీ త్రాగును. కూలికి రుద్దువానికి ఆ సెలవు లేదు. కొన్న మెఱుగునందు ముఖము చూచికొనునపుడు, దాని వెనుక నున్న యూపిరులను మఱచుట ధర్మము కాదు.

కావున నాకు దోచిన నిర్ణయ మిది. ఇంట తన చేతితో తన తీఱికలో చేసికొను మెఱుగు ఆడంబరము కాదు. ఓర్పును నేర్పు విద్య. కాని దానికి మూడు కట్టుబాట్లు గలవు. మొదటిది, అవసరము ముందు, అందము పిదప: బ్రేకులు సడలియుండగా కవరు మెఱయించువాడు తన ప్రీతికై దారిన బోవువారి ప్రాణములను పణమొడ్డుచున్నాడు. రెండవది, గరుకుగా నుండవలసినదానిని గరుకుగానే యుండనిచ్చుట. మూడవది, తన వినోదపు ధూళి యింటివారి యూపిరి కాకుండుట: తడిపి రుద్దవలెను, ముక్కునకు కట్టు గట్టవలెను, పిల్లలను పొయ్యిని దూరముగా నుంచవలెను.

ఈ మూడును పాటించి ఒక్క కవరును మెఱయించిన పురుషునకు, గీతపోవుట యెంత కష్టమో భుజములు తెలుపును. ఆ సాయంకాలమే చేతులు కడిగికొని, వంటింట తోమవలసిన పాత్రలను తానును అందుకొన్నచో ఆ విద్య సఫలమగును.