దీపమారకముందే అడుగుము

ప్రియ చదువరీ, చీకటిలో దారి తప్పినవాడు మరియొకరిని సహాయమడుగుట అవమానమా? ఒక పాత ఆట నా కీ ప్రశ్నను తెచ్చిపెట్టినది.

ఆ ఆట పేరు 'అడ్వెంచర్'. అమెరికాలో విలియం క్రౌథర్ అను ఆయన 1975–76 ప్రాంతమున దానిని కంప్యూటరుపై వ్రాసెను. ఆయన గుహలలో తిరుగు అలవాటు గలవాడు. కెంటకీ రాష్ట్రమందలి మామత్ గుహలలో తాను చూచిన దారులనే తన కుమార్తెల కొరకు ఆటగా మలచెను. 1977లో డాన్ వుడ్స్ దానిని పెంచెను. అందులో బొమ్మ ఒక్కటియు లేదు. "దీపము వెలిగించు", "పడమరకు పో" అన్నట్లు ఆటగాడు మాటలు టైపు చేయవలెను. ఎదుట ఏమున్నదో యంత్రము మాటలతోనే చెప్పును. నిధులను వెదకి పైనున్న ఇంటికి చేర్చినచో మార్కులు వచ్చును. మొత్తము 350. దీపము మాత్రము కొన్ని ఎత్తుల వరకే వెలుగును.

ఆటగాడు ఒకచోట చిక్కుకొని తిరుగుచుండగా, సహాయము కావలెనా యని యంత్రమే అడుగును. అందుకు కొన్ని మార్కులు తగ్గునని ముందే చెప్పును. కొత్తచెరువులో ఒక రాత్రి నేను దానిని ఆడుచు, మార్కులపై ఆశతో వద్దంటిని. దీపమారెను. చీకటిలో గోతిలో పడి ఆట ముగిసెను.

తరువాత తెలిసినదేమనగా, సహాయము పుచ్చుకొన్నవానికి తగ్గిన ప్రతి మార్కునకు 30 ఎత్తుల వెలుగు దీపమునకు కలియునట. ఆట ఆ మాట పైకి చెప్పదు. అయితే దీపములో 30 ఎత్తులకు మించి మిగిలియున్నప్పుడే ఆ మేలు.

ఇది చదువగా నాకు మా ప్రాంతపు వేరుసెనగ రైతు ఒకడు జ్ఞాపకమునకు వచ్చెను. వానలు తప్పిన యేట అతడు అప్పుచేసి బోరు వేయించెను, నీరు పడలేదు. రెండవది వేయించెను; అదియు ఎండెను. భార్యకు చెప్పలేదు, అన్నకు చెప్పలేదు. చెప్పిన నాటికి పొలము చేయి దాటెను. అన్న కన్నీరు తుడుచుకొని, "మొదటి బోరు నాడే చెప్పింటే నా గొర్రెలన్నా అమ్మింటి కదరా!" అనెను.

అతనిది గర్వమని తీర్పు చెప్పుట సులభము. కాని అతడేల అడుగలేదు? మునుపు అడిగినవారిని మనమేమి చేసితిమో అతడు చూచియుండెను. ఇచ్చిన నూరు రూపాయలను పదిమందిలో చెప్పుకొంటిమి. యంత్రము వెలను ముందుగా చెప్పి వెలుగును గుట్టుగా నిచ్చును. మనమో, సహాయమును బహిరంగముగా నిచ్చి, దాని వెలను బ్రతుకంతయు వసూలు చేయుదుము.

చదువరీ, నీ దీపములో ఇంకను వెలుగున్నదా? అయితే నేడే నోరు తెరువుము. తగ్గునది మార్కులే. నీ గుమ్మము నొద్ద ఎవడైన తడబడుచు నిలిచియున్నాడా? అతడు రెండవమారు అడుగువరకు ఆగకుము; ఇచ్చిన పిమ్మట ఎవరితోను చెప్పకుము.